కల్లు తాగుడు కాదు

అశోక్‌నగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా కాపురం ఉండి కూడా నా ఉద్యోగం ఏమిటో మా వీధికి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ప్రొబేషన్ ఆఫీసర్‌ని అంటే చాలు, ఎదుటివాళ్ల కళ్లు మెరిసేవి. మా ఇంటి చుట్టూ ఉన్నవన్నీ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు. అక్కడ పీవో అంటే బ్యాంకు పీవోనే, ఇంకో అర్థం లేదు. పై అంతస్తు హాస్టల్ అమ్మాయిలు మెట్ల మీద పట్టుకుని, ఏ బ్యాంకు మేడం, ఇంటర్వ్యూలో ఏం అడిగారు అని ప్రాణం తీసేవాళ్లు. మొదట్లో ఓపిగ్గా విడమరిచి చెప్పేదాన్ని. చిన్న నేరం చేసినవాణ్ని కోర్టు జైలుకు పంపకుండా, బుద్ధిగా ఉంటానని రాయించుకుని వదిలిపెడుతుందమ్మా, ఆ మనిషి బుద్ధిగా ఉన్నాడో లేదో చూడడం నా పని అని. అది విన్నాక ఆ మెరుపు ఆరిపోయేది. ఓ, పోలీసా అనేవాళ్లు. పోలీసు కాదంటే ఇంకేం అడగాలో తోచక వెళ్లిపోయేవాళ్లు. చివరికి నేనే విసిగిపోయి, అవునమ్మా బ్యాంకే అనడం మొదలుపెట్టాను. ఒకమ్మాయి పాత ప్రశ్నపత్రాలు ఉంటే ఇమ్మని రెండు నెలలు నా వెంటపడింది.

మా ఆఫీసు నారాయణగూడలో, ఒక పాత ప్రభుత్వ భవనం మేడ మీద ఉండేది. కింద రేషన్ కార్డుల సెక్షన్. మా దగ్గరికి రావాల్సినవాళ్లు సగంమంది ముందు ఆ క్యూలో నిలబడి, తమ వంతు వచ్చాక, మీది ఇక్కడ కాదు పైకి పొండి అనిపించుకుని, ఉసూరుమంటూ మెట్లెక్కి వచ్చేవాళ్లు. ఏళ్ల తరబడి మా పద్ధతి నెలకోసారి. మనిషి వస్తాడు, రిజిస్టర్‌లో సంతకమో వేలిముద్రో వేస్తాడు. పని దొరుకుతోందా, ఇంట్లో అంతా బాగేనా అని అడుగుతాం. బాగే అంటాడు, వెళ్లిపోతాడు. ఆ అయిదు నిమిషాలతో మనిషి మారతాడని నేనెప్పుడూ నమ్మలేదు. మిగతా నెలంతా ఏం చేస్తున్నాడో ఎవరికి తెలుసు అని మీటింగుల్లో గొంతు చించుకునేదాన్ని. అందుకే, మత్తుకు అలవాటుపడి నేరాల్లో ఇరుక్కున్న కొద్దిమంది మీద గట్టి పర్యవేక్షణ అనే కొత్త పద్ధతి ప్రయత్నించి చూద్దామని పై నుంచి కాగితం వచ్చినప్పుడు, చెయ్యెత్తినవాళ్లలో నేనే మొదటిదాన్ని.

ఆ పద్ధతి ఇదీ. వారానికి ఒకసారి మనిషి ఆఫీసుకు రావాలి. రెండుసార్లు మేం చెప్పాపెట్టకుండా అతని ఇంటికి వెళ్లాలి. రాత్రి తొమ్మిదికల్లా అతను ఇంట్లో ఉండాలి. వారం వారం మూత్ర పరీక్ష. వరసగా రెండు పరీక్షల్లో మత్తు బయటపడితే కోర్టుకు రిపోర్టు పంపాలి. ఆ పైన వదిలేస్తారా జైలుకు పంపుతారా అన్నది మేజిస్ట్రేటు ఇష్టం. ఇలా వెంటపడి చూస్తే మనుషులు మత్తు మానతారు, మళ్లీ నేరం జోలికి పోరు అని ట్రైనింగులో చెప్పారు. ఆ మాట నాకు బాగా తలకెక్కింది. పొయ్యి మీద పాలు పెడితే పక్కనే నిలబడే మనిషిని నేను. చూస్తూ ఉంటే ఏదీ పొంగదని నా నమ్మకం.

నాకు అప్పగించినవాళ్లలో ఒక సెంట్రింగ్ పనివాడు ఉన్నాడు. స్లాబు పొయ్యడానికి ముందు కర్రలు నిలబెట్టి, రేకులు పరిచే పని. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి భార్యతో వచ్చి, చిక్కడపల్లి వెనక మురుగునీటి నాలా పక్క బస్తీలో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. కూతురు ఊళ్లోనే అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. నారాయణగూడలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్‌లోంచి రాగి తీగ చుట్ట ఎత్తుకుపోతూ దొరికాడు. జేబులో చిన్న గంజాయి పొట్లం కూడా దొరికింది. మొదటి తప్పు, గంజాయీ కొంచెమే. కాబట్టి కోర్టు అతన్ని ఏడాదిపాటు షరతుల మీద వదిలింది. షరతు తప్పితే మళ్లీ పిలిచి శిక్ష వేస్తామని, ఆ శిక్ష జైలేనని చదివి వినిపించారు. అదంతా విని అతను నన్ను ఒక్కటే అడిగాడు.

‘జైలుకు పోతె మా బిడ్డకు చెప్తరా మేడం?’

‘మేం చెప్పం. ఊరే చెబుతుంది’ అన్నాను. నాకు మెత్తగా మాట్లాడడం రాదు.

మొదటి రెండు నెలలు మా దగ్గరున్నది గంజాయి ఒక్కదాన్నే పట్టే చిన్న పట్టీ. మూత్రంలో ముంచితే, మత్తు లేకపోతే రెండు గీతలు తేలతాయి, ఉంటే ఒకటే. లోకంలో మిగతా పరీక్షలన్నీ దీనికి తలకిందులు. కరోనా రోజుల్లో రెండు గీతలు వస్తే ఇంట్లో ఏం జరిగేదో అందరికీ తెలుసు. కడుపుతో ఉన్నారో లేదో చూసే పట్టీ మీదా అంతే. మొదటి రెండు మూడు వారాలు ఇతనికి ఒకటే గీత వచ్చింది. పాత గంజాయి ఒంట్లోంచి పోవడానికి టైము పడుతుంది కాబట్టి వాటిని మేం లెక్కలోకి తీసుకోలేదు. ఆ తర్వాత ఒక సోమవారం రెండో గీత తేలగానే అతని ముఖం పాలిపోయింది.

‘రెండొచ్చినయ్ మేడం. నేను ముట్టలే. బిడ్డ మీద ఒట్టు.’

‘రెండు రావడమే మంచిదయ్యా.’

‘మీ మిషన్ ఉల్టా ఉన్నట్టుంది’ అన్నాడు, ఇంకా నమ్మకుండానే. ఆఫీసులో అందరం నవ్వాం. అతనూ మా ముఖాలు చూసి నవ్వాడు.

ఇంటికి వెళ్లడం పొద్దున్నే ఆరింటికి. ఆ తర్వాతయితే కూలి పనికి మనుషులు నిలబడే అడ్డా మీదికి వెళ్లిపోతాడు. బండి రోడ్డు మీద పెట్టి, రెండు సందులు లోపలికి నడిచి, తలుపు కొట్టి పిలిచేదాన్ని. నా గొంతు కాస్త పెద్దది. పక్క గదులవాళ్లు కూడా తలుపులు తీసి చూసేవాళ్లు. అతని భార్య అశోక్‌నగర్‌లోనే రెండు హాస్టళ్లలో వంటపాత్రలు తోముతుంది. నాలుగింటికే వెళ్లి ఒక హాస్టల్ ముగించుకుని, మధ్యలో ఇంటికొచ్చి ఇంత వండిపెట్టి, మళ్లీ వెళుతుంది. నేను వెళ్లినప్పుడు ఆవిడ సాధారణంగా పొయ్యి దగ్గరుండేది. ఆ గదిలోకి అడుగు పెట్టగానే పులిసిన పిండి వాసన కొట్టేది. దోసెలకు రుబ్బుకున్నారు కాబోలు అనుకునేదాన్ని. ఒకరోజు అడిగాను కూడా, రోజూ దోసెలేనా అని.

‘దోసెలా? మాకేడియి మేడం’ అంది ఆమె, నన్ను వింతగా చూస్తూ.

నేను ఆ సంగతి అక్కడితో వదిలేశాను. మంచం కింద వరసగా నిలబెట్టిన ఖాళీ గాజు సీసాలు కూడా చూశాను. నూనెకో దేనికో దాచుకున్నారనుకున్నాను. డబ్బాల మూతలు తీసి వాసన చూశాను, తలగడ దులిపించాను, కిటికీ మీద అగ్గిపెట్టె తెరిచి చూశాను. నా దగ్గరున్న ఫారంలో గంజాయి, మాత్రలు, సారా, బ్రాందీ అని గళ్లు ఉండేవి. అన్నిటి ఎదుటా లేదు అని రాసుకుని, తృప్తిగా వెళ్లేదాన్ని.

రెండు నెలలు గడిచేసరికి అతను నా వాళ్లందరిలోకీ బుద్ధిమంతుడు. సోమవారం తలకు నూనె రాసుకుని తొమ్మిదింటికే మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. ఆఫీసుకు వస్తే ఆ రోజు పని పోయినట్టే. అడ్డా మీద మేస్త్రీలు ఎనిమిదింటికే మనుషులను ఎంచుకుని వెళ్లిపోతారు. ఆ సంగతి అతను ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఏది చెబితే అది చేశాడు. గంజాయి స్నేహితులను వదిలెయ్యమంటే వదిలేశాడు. తాగుడు మానమంటే మానేశానన్నాడు. ఆ అపార్ట్‌మెంట్ వైపు వెళ్లొద్దంటే చుట్టు తిరిగి పోయేవాడు. బషీర్‌బాగ్‌లో మా పై అధికారి పెట్టిన మీటింగులో నేను అతని గురించి పావుగంట చెప్పాను. గర్వంగా చెప్పానని ఒప్పుకుంటాను.

మూడో నెలలో కొత్త రకం పట్టీలు వచ్చాయి. ఒకే చిన్న కప్పులో అయిదు పట్టీలు, అయిదు రకాల మత్తులు పడతాయి. అతని గంజాయి పట్టీ మీద రెండు గీతలు చక్కగా తేలాయి. నాలుగో పట్టీ మీద ఒకటే తేలింది. అది నిద్రమాత్రల జాతి మందును పట్టేది. నా ఒళ్లు మండింది. మీటింగులో పావుగంట పొగిడి వచ్చినదాన్ని మరి.

‘మాత్రలు ఎప్పటినుంచి మింగుతున్నావు?’

‘గోలీలా? నాకెందుకు మేడం?’

‘అబద్ధం ఆడకు.’

‘బిడ్డ మీద ఒట్టు మేడం. జ్వరమొచ్చినా గోలి ఎయ్యను నేను.’

మర్నాడు పొద్దున్నే వెళ్లి గది అంతా తిరగేశాను. భార్యకు వాడే తలనొప్పి మాత్రలు రెండు దొరికాయి, అంతే. తర్వాతి సోమవారం మళ్లీ అదే పట్టీ మీద ఒకటే గీత. ఇక రెండయ్యాయి. నియమం ప్రకారం ఆ సాయంత్రమే కోర్టుకు రిపోర్టు వెళ్లాలి. నేను తలుపు వేసి, అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి, సరే, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నోట్లో ఏమేం వేసుకుంటావో ఒక్కటీ వదలకుండా చెప్పు అన్నాను.

‘పొద్దుగాల చాయ్. పది గొట్టంగ సద్ది. మళ్ల చాయ్. తంబాకు. సాయంత్రం రెండు సీసల కల్లు. ఇంటికొచ్చి బువ్వ.’

‘కల్లా?’

‘ఆ.’

‘తాగనని కదా చెప్పావు నాకు?’

అతను నిజంగానే తికమకపడ్డాడు. ‘తాగుడు బంద్ వెట్టిన గద మేడం. కల్లు తాగుడు గాదు గద? మా తాత తాగిండు, మా అయ్య తాగిండు. సర్కారోళ్లే దుకాణానికి లైసెన్స్ ఇచ్చిన్రు. మీరు గంజాయి మానమంటిరి, నిద్ర పట్టకపోయె. అందుకె ఒక సీస ఉండె, రెండు జేసిన.’

మా నాన్నగారు రెండు ప్రాంతాలు కలిసి కొత్త రాష్ట్రం అయినప్పుడు గుంటూరు నుంచి సెక్రటేరియట్ ఉద్యోగానికి వచ్చినవాళ్లలో ఒకరు. మా ఇంట్లో కల్లు అనే మాటే పలికేవాళ్లు కాదు. చెట్టు మీదినుంచి దించేది ఒకటి ఉంటుందనీ, నగరంలో కల్లు కాంపౌండ్లలో అమ్మేది చాలావరకు అది కాదనీ, నీళ్లలో నిద్రమందు పొడి కలిపి మత్తెక్కించే దాన్నే కల్లంటున్నారనీ పేపర్లలో చదివాను. చదివి పక్కన పడేశాను. దోసెల పిండి వాసన ఏమిటో, మంచం కింద సీసాలు ఏమిటో అప్పుడు అర్థమైంది. వారానికి మూడుసార్లు చూసిన మనిషిని నేను. నా మీద నాకు వచ్చిన కోపమంతా అతని మీద చూపించాను.

‘నువ్వు తాగుతున్నది కల్లు కాదు, నిద్రమాత్రలు కలిపిన నీళ్లు. ఇవాళ్టి నుంచి చుక్క కూడా ముట్టకూడదు. పది రోజులు రిపోర్టు ఆపుతాను. మళ్లీ పరీక్షలో రెండు గీతలు రాకపోతే నేనే దగ్గరుండి జైలుకు పంపిస్తాను.’

‘ఇయ్యాల్టి నుంచే?’

‘ఈ నిమిషం నుంచే.’

‘సరె మేడం’ అన్నాడు. చెయ్యి నెత్తి మీద పెట్టుకుని ఒట్టు కూడా వేశాడు. నేను అతనికి పెద్ద మేలు చేసినట్టు అనుకుంటూ ఇంటికి వెళ్లాను. నియమం దాటి మరీ పది రోజులు ఇచ్చానన్న సంతోషం నాకు.

రెండో రోజు మధ్యాహ్నం అతని భార్య ఆఫీసుకు వచ్చింది. అంతకుముందెప్పుడూ రాలేదు. కింది క్యూలో నిలబడి, పైకి పొమ్మంటే వచ్చిందట. హాస్టల్ పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లు తడిగా ఉన్నాయి.

‘మేడం, ఆయనకు చేతులు వణుకుతున్నయ్. రాత్రంత పండుకోలే. గోడ మీద చీమలు వాకుతున్నయ్ అంటడు. చీమల్లేవు.’

‘మొదట అలాగే ఉంటుంది. సర్దుకుంటుంది.’

‘ఒక్కపారి ఇడిసిపెట్టొద్దు మేడం. జర జర తగ్గించాలె. మా ఊర్ల కల్లు దుకాణం బందయినప్పుడు నేను జూసిన. మా మామ నోట్లకెళ్లి నురుగొచ్చింది. మీరు ఒక్క సీస తాగమని చెప్పుండ్రి, నేను చెప్తె ఇంటలేడు.’

ఆవిడ ఎంత స్పష్టంగా చెప్పిందో నాకిప్పటికీ మాట మాట గుర్తుంది. నేను విన్నది మాత్రం, మొగుడి తాగుడు సాగనివ్వమని బతిమాలే పెళ్లాం మాటలు. అలాంటివాళ్లను సర్వీసంతా చూశాననుకున్నాను.

‘నువ్వే అతన్ని చెడగొడుతున్నావు. తాగనిస్తే జైలుకు పోతాడు. అది కావాలా నీకు?’

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

మూడో రోజు పదింటికి అతను నారాయణగూడలో ఒక సైటు మీద, మొదటి అంతస్తు రేకులు పరుస్తూ ఉండగా ఫిట్స్ వచ్చి కింద పడ్డాడు. ఇసుక కుప్ప ఉండబట్టి ప్రాణం దక్కింది. కుడిచెయ్యి విరిగింది. మేస్త్రీ అతని జేబులో నా ఫోన్ నంబరు రాసిన కాగితం చూసి నాకు ఫోన్ చేశాడు. ఆస్పత్రికి వెళ్లేసరికి అతన్ని మంచానికి గుడ్డపీలికలతో కట్టి ఉంచారు. ఎవరెవరినో పిలుస్తున్నాడు. రేకులు జారుతున్నాయని అరుస్తున్నాడు. భార్య కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. డ్యూటీ డాక్టరు విసుగ్గా అడిగాడు.

‘రోజూ తాగేవాడి చేత ఒక్కసారిగా ఎవరు మాన్పించారు? ప్రాణం పోయేదని తెలుసా?’

ఆమె నా వైపు చూసింది. తర్వాత డాక్టరు వైపు తిరిగి, ‘ఆయనే మానిండు సార్’ అంది.

నేను ఆఫీసు బ్యాగు చేత్తో పట్టుకుని అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ మెదపలేదు.

రిపోర్టు ఆపడానికి ఇక వీల్లేకపోయింది. సైటు మీద పడ్డాడు, ఆస్పత్రి కాగితాలున్నాయి, సంగతి మా పై అధికారి దాకా వెళ్లింది. ఆయన నన్ను బషీర్‌బాగ్‌కు పిలిపించి, చెడ్డ మనిషి కాదు, నా మంచికోరే చెప్పారు.

‘రెండు పాజిటివ్‌లు వచ్చాక పది రోజులు ఆపడమే తప్పు. దాన్ని ఇంకా పెంచుకోకండి. ఫారంలో అడిగినవి రాయండి, అడగనివి రాయొద్దు. మీకు సర్వీసు ఎంతో లేదు.’

షరతు ఉల్లంఘన జరిగిందా అని ఫారం అడిగింది. అవును అని రాశాను. ఏ పరీక్షల్లో, ఏ మందు అని అడిగింది. రాశాను. అధికారి ఏం చెప్పారు, దానివల్ల ఏమైంది అని ఆ ఫారంలో ఎక్కడా అడగలేదు. అక్షరాలా అన్నీ నిజాలే రాసిన ఆ కాగితం మీద సంతకం పెట్టాను.

కోర్టుకు అతను చెయ్యి మెడకు కట్టుకుని వచ్చాడు. కూతురు అడిగితే సైటు మీద పడ్డానని చెప్పాడట, అది నిజమే కదా అన్నాడు నాతో. భార్య వెనక బెంచీ మీద కూర్చుంది. మేజిస్ట్రేటు నా రిపోర్టు తిరగేసి అతన్ని అడిగాడు.

‘మత్తు పదార్థాలేవీ తీసుకోకూడదని ఈవిడ నీకు చెప్పారా?’

‘చెప్పిన్రు సార్.’

‘చెప్పినా ఎందుకు తీసుకున్నావు?’

‘తప్పయింది సార్.’

అంతే అన్నాడు. కల్లు మాట ఎత్తలేదు, నా మాట ఎత్తలేదు. చెప్పి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. సోమవారం సోమవారం రిజిస్టర్‌లో సంతకం పెట్టాక, సరిగ్గా పెట్టానా మేడం అని చూసే చూపే అది. మేజిస్ట్రేటు కలం తీశాడు. ఆయన ఏం రాయబోతున్నాడో నాకు తెలుసు. ఇన్నేళ్ల సర్వీసులో ఆ కలం అలా కదలడం చాలాసార్లు చూశాను.

‘సార్, ఒక మాట చెప్పాలి’ అని లేచాను.

అంతా చెప్పాను. కల్లు సంగతి నేను ఎప్పుడూ అడగలేదని, నేను గంజాయి మాన్పించాకే అతను కల్లు పెంచాడని, ఒక్కసారిగా మానమన్నది నేనేనని, ఇతని భార్య వచ్చి వద్దని చెప్పిందని, నేను ఆవిణ్ని తిట్టి పంపానని. చెబుతుంటే నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

‘ఇదేదీ మీ రిపోర్టులో లేదే?’

‘లేదు సార్. రాయలేదు.’

‘ఎందుకు రాయలేదు?’

‘తప్పు నాది కాబట్టి.’

ఆయన కలం పక్కన పెట్టి, నా రిపోర్టు మళ్లీ మొదటి నుంచి చదివాడు. తర్వాత ఆర్డరు చెప్పి రాయించాడు. అతన్ని జైలుకు పంపడం లేదని, మిగిలిన కాలం మామూలుగా నెలకోసారి సంతకం చాలని, ఆస్పత్రిలో వైద్యం చేయించుకోవాలని, పర్యవేక్షణ ఇంకో అధికారికి అప్పగించాలని, నా దగ్గర సంజాయిషీ తీసుకోవాలని. బయటికి వచ్చాక అతని భార్య నాకు నమస్కారం పెట్టింది. పై అధికారి నాతో రెండు నెలలు మాట్లాడలేదు. మెమో వచ్చింది, జవాబిచ్చాను.

ఆ పద్ధతి కూడా ఎక్కువ కాలం నడవలేదు. పట్టీలు రావడం ఆగిపోయింది, మనుషులు చాలలేదు, మళ్లీ అందరికీ నెలకోసారి సంతకాలే అయ్యాయి. గట్టి పర్యవేక్షణ మంచిదా కాదా అని రిటైరయ్యాక కూడా ఒకరిద్దరు నన్ను అడిగారు. ఒకరిద్దరికి మేలు జరగడం కళ్లారా చూశాను, కాదనను. నాకు తెలిసింది ఇంతే. వారానికి మూడుసార్లు చూసినవాళ్లలో నాకు చాలా తప్పులు కనిపించాయి. నెలకోసారి చూసినవాళ్లలో ఏ తప్పూ కనిపించలేదు. వాళ్లేమీ తప్పు చెయ్యలేదని దానర్థం కాదు. నేను చూడలేదని.

కోర్టు అయిన నెలకేమో, ఒక ఆదివారం పొద్దున చిక్కడపల్లి మార్కెట్‌లో కూరగాయలు కొంటూ, ఉండబట్టలేక అరడజను బత్తాయిలు కొన్నాను. జబ్బుపడ్డవాళ్లను చూడ్డానికి ఉత్తచేతులతో వెళ్లడం మాకు అలవాటు లేదు. రెండు సందులూ దాటి వెళ్లేసరికి ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి లేచింది. తలుపు ఓరగా వేసి ఉంది.

‘ఎలా ఉన్నాడమ్మా?’

‘మంచిగనే ఉన్నడు మేడం. డాక్టర్ గోలీలిచ్చిండు, జర జర తగ్గిస్తుండు. చెయ్యి అతుక్కుంటుంది.’ ఆమె గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. లోపలికి రమ్మని అనలేదు.

‘నేను డ్యూటీ మీద రాలేదు. ఊరికే చూసిపోదామని.’

‘ఎర్కే మేడం. ఒక్క మాటంట, ఏమనుకోకుండ్రి. ఆ రోజు మీరు జెప్పకపోతె ఆయన జైల్ల ఉండేటోడు. మీరు మంచోళ్లే. గని ఇగ మా ఇంటికి రాకుండ్రి.’

బత్తాయిల సంచి ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాను. ఆమే మళ్లీ అంది, తప్పు చేసినదానిలా నేల చూస్తూ.

‘మొన్న మీ అసొంటి గొంతు ఎవలదో సందుల ఇనొచ్చింది. లేచి కూసున్నడు. మేడం వచ్చిందా, ఇంకేం మానాల్నంట అని అడిగిండు.’

లోపల మంచం కిర్రుమంది. ‘ఎవలే?’ అన్నాడు అతను.

ఆమె నా ముఖంలోకి చూస్తూనే, ‘ఎవ్వలు లేరు, పండుకో’ అని లోపలికి చెప్పింది.

బత్తాయిల సంచి ఆమె అడగలేదు, నేను ఇవ్వనూ లేదు. చెప్పుల చప్పుడు అతనికి వినపడకుండా మెల్లగా సందులోంచి బయటికి నడిచాను.